నిమ్మచెక్క ఉండాల్సింది మటన్ పక్కన కాదు

శనివారం సాయంత్రం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఏ తెలుగువాళ్ళింటికి పాట్‌లక్‌కి వెళ్ళినా బల్ల సర్దే పద్ధతి ఒకటే. ఒక చివర మటన్ బిర్యానీ, దాని పక్కన వేపుడు, ఉల్లిపాయ చక్రాలు, గుట్టగా నిమ్మచెక్కలు. రెండో చివర, శాకాహారుల వైపు, పాలకూర పప్పు, వంకాయ కూర, పెరుగన్నం. అక్కడ నిమ్మచెక్క ఒక్కటీ కనబడదు. భోజనాలయ్యాక చెత్తసంచీ మూతి కట్టే పని తరచూ నాకే వస్తుంది కాబట్టి చూసిందే చెబుతున్నాను. బొక్కల మధ్య, బే ఆకుల మధ్య, ఎవరూ పిండని నిమ్మచెక్కలు గుప్పెళ్ళకొద్దీ పోతుంటాయి.

ఈమధ్య ఆ బల్ల దగ్గరే ఒక వాదం మొదలైంది. ఒక అన్నయ్య ఆర్నెల్లుగా మాంసం, గుడ్లు తప్ప ఇంకేమీ ముట్టడం లేదు. ఆయన ఎదురుగా ఒక వదిన. ఆవిడ మాంసం మానేసి, రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగుతోంది. ఇద్దరూ నావైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, బలం మటన్‌లో ఉందా, నారింజలో ఉందా?" అని అడిగారు.

ఆ రోజు నిలబడి చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. నా సలహాలు తలకిందులుగా కనబడతాయి. మటన్ తినేవాడికి నిమ్మకాయ అంత అవసరం లేదంటాను. పప్పు తినేవాడికి కావాలంటాను. జలుబు చేసినప్పుడు కమలాపండు కోసం పరిగెత్తొద్దంటాను. మొక్క కానుక ఇవ్వొద్దంటాను. "ఇదేం సలహా?" అని మా ఇంట్లోవాళ్ళే అన్నారు. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

ముందు లెక్క చూడండి

కొవ్వు తీసిన పచ్చి మేకమాంసం 100 గ్రాముల్లో ప్రొటీన్ 20 గ్రాములకు కాస్త పైన, ఐరన్ దాదాపు 2.8 మిల్లీగ్రాములు, జింక్ 4 మిల్లీగ్రాములు, బి12 ఒక మైక్రోగ్రాముకు కొంచెం ఎక్కువ ఉంటాయి. పీచు సున్నా. వండాక విటమిన్ సి కూడా లేనట్టే.

అదే 100 గ్రాముల నారింజ తొనల్లో ప్రొటీన్ ఒక గ్రాము లోపే. ఐరన్ ఒక మిల్లీగ్రాములో పదో వంతు, బి12 సున్నా. కానీ విటమిన్ సి 53 మిల్లీగ్రాములు, పీచు 2.4 గ్రాములు, ఫోలేట్ 30 మైక్రోగ్రాములు ఉంటాయి.

ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానిలో ఉన్నది రెండోదానిలో లేదు. ఇక ఏది గొప్పదని ఎలా తేల్చడం? చాకలి గొప్పా మంగలి గొప్పా అని అడిగినట్టే ఉంటుంది. ఎవరి పని వాళ్ళది. నేనైతే ఇంకో ప్రశ్న అడుగుతాను: ఈ రెండూ కంచంలో ఉన్న మూడోదానికి ఏం చేస్తున్నాయి? ఆ మూడోది పప్పు, ఆకుకూర. మన ఇళ్ళల్లో వారానికి ఆరు రోజులు పొయ్యి మీద ఉండేవి అవే.

1. నిమ్మకాయని మటన్ మీద కాదు, పప్పులో పిండండి

ఐరన్ మన ఒంట్లోకి రెండు గుమ్మాల్లోంచి వస్తుంది. మాంసంలో ఉన్న ఐరన్‌లో కొంత భాగం హీమ్ రూపంలో ఉంటుంది. దానికి సొంత గుమ్మం ఉంది. కంచంలో పక్కన ఏమున్నా పెద్దగా ఆగదు, నాలుగో వంతు దాకా ఒంటికి పడుతుంది. పప్పు, ఆకుకూర, రాగుల్లోని ఐరన్ అలా కాదు. పప్పులోని ఫైటేట్లు, ఆకుల్లోని పాలీఫినాల్స్ దాన్ని పట్టుకుని వదలవు. వందలో రెండు మూడు పాళ్ళే లోపలికి వెళ్ళిన పూటలూ ఉంటాయి. విటమిన్ సి ఆ పట్టు సడలించి, ఐరన్‌ని పేగు పీల్చుకోగల రూపంలోకి మార్చి, కరిగి ఉండేలా చూస్తుంది. ఒక్క పూట భోజనం మీద చేసిన ప్రయోగాల్లో ఇలా రెండింతలు, మూడింతలు ఐరన్ ఒంటబట్టిన సందర్భాలున్నాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2013లో ప్రచురించిన పరిశోధన ఇలాంటిదే. కౌమారంలో ఉన్న పిల్లలకి అన్నం ప్రధానంగా ఉన్న భోజనంతో జామపండు పెట్టి చూస్తే ఐరన్ ఎక్కువగా ఒంటబట్టింది.

అంటే ఐరన్ లెక్కలో మటన్‌కి నిమ్మకాయ సాయం పెద్దగా అక్కర్లేదు. పప్పుకే కావాలి. మనం మాత్రం సాయం అక్కర్లేని చోట గుట్టగా పోసి, కావాల్సిన చోట ఒక్క చెక్క కూడా పెట్టం.

మా నాన్న గూడూరు నిమ్మ మార్కెట్లో వ్యాపారం చేసేవాడు. తెల్లవారకముందే బస్తాలు దిగేవి. కాయ నున్నగా ఉందా, తోలు పల్చనా, రసం పట్టిందా అని చేత్తో తడిమి చెప్పేవాడు. ఎండాకాలంలో ఢిల్లీకి లారీలు వెళ్ళేవి. "సరుకు మంచిదైతే సరిపోదమ్మా, దాని అవసరం ఉన్న ఊరికి చేరాలి" అనేవాడు. నిమ్మకాయ గురించి అంతకంటే మంచి పోషకాహార సూత్రం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది వేళ. పొద్దున్న ఆరింటికి తాగిన నిమ్మనీళ్ళు, మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్న పప్పు కడుపులో కలుసుకోవు. విటమిన్ సి ఈ సాయం చేయాలంటే అదే పూట, అదే భోజనంలో ఉండాలి. రెండోది వేడి. మరుగుతున్న పప్పులో నిమ్మకాయ పిండితే చేదెక్కుతుందని అమ్మ ఎప్పుడూ గిన్నె దించి, ఆవిరి తగ్గాక పిండేది. పులిహోర కలిపేటప్పుడు కూడా అన్నం ఆరాకే నిమ్మరసం వేసేది. ఆమె రుచి కోసం చేసిన పని విటమిన్‌నీ కాపాడింది, ఎందుకంటే విటమిన్ సి వేడికి నిలవదు.

ఇంకొకటి. భోజనం కాగానే టీ తాగే అలవాటు మానండి. పప్పు, ఆకుకూరల ఐరన్‌ని టీ సగానికి పైగా అడ్డుకోగలదు. ఒక గంట ఆగి తాగితే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది.

2. ఆదివారం రెండు పౌండ్ల మటన్ వండకండి, అర పౌండు పప్పులో వేయండి

మాంసం చేసే ఒక పని గురించి మన ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడుకోరు. తన ఐరన్ తను ఇవ్వడమే కాదు, అదే పూట తిన్న పప్పు, ఆకుకూరల ఐరన్ కూడా ఒంటబట్టేలా చేస్తుంది. చేప, కోడి కూడా ఇదే సాయం చేస్తాయి. అందుకు గుట్టగా తినక్కర్లేదు, కొన్ని ముక్కలు చాలు.

మన పాత వంటల్లో ఈ కొలత ఉంది. హైదరాబాద్ దాల్చా చూడండి: శనగపప్పు, సొరకాయ, చింతపండు, నాలుగు మటన్ ముక్కలు. గోంగూర మటన్, చుక్కకూర మటన్ కూడా అంతే. ఒకప్పుడు మాంసం ఖరీదు కాబట్టి ఆకు ఎక్కువ, ముక్క తక్కువ ఉండేది. అమెరికా వచ్చాక సంపాదన పెరిగింది, ఆకు తగ్గి ముక్క పెరిగింది. ఆ కొలత మళ్ళీ వెనక్కి తిప్పమని నా సలహా.

"మటన్ రెడ్ మీట్ కాదు కదా, అది బీఫ్‌కి వర్తిస్తుంది" అని చాలామంది నాతో అన్నారు. కాదు. మేక, గొర్రె, పంది, గొడ్డు మాంసం అన్నీ ఆ కోవలోకే వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చెప్పిన మాట ఇది: సాసేజీలు, బేకన్ లాంటి నిలవ మాంసం క్యాన్సర్ కారకం, ఎర్ర మాంసం బహుశా క్యాన్సర్ కారకం. రోజూ 50 గ్రాముల నిలవ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టారు. ఇది ఉన్న ముప్పు మీద 18 శాతం, నూటికి 18 మందికి వస్తుందని కాదు. వారానికి వండిన ఎర్ర మాంసం 350 నుంచి 500 గ్రాములు మించకూడదని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. ఒక్క పాట్‌లక్‌లోనే అందులో సగం తినేస్తాం.

గుండె సంగతి ఇంకా దగ్గరిది. దక్షిణాసియావాళ్ళకి గుండెజబ్బులు ఎందుకు ఎక్కువో తెలుసుకోవడానికి మసాలా అనే పరిశోధన 2010లో మొదలైంది. అందులో మొదట చేరినవాళ్ళు మన శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగో ప్రాంతాలవాళ్ళే. అంటే ఈ ప్రశ్న మన వీధుల్లోంచే పుట్టింది.

కాబట్టి మటన్ కొనండి, మంచిదే కొనండి. ఫ్రీమాంట్‌లో సెంటర్‌విల్ వైపు, లిటిల్ కాబూల్ అని పిలిచే అఫ్గాన్ దుకాణాల వీధిలో అడిగితే కొవ్వు తీసి, మన కూరకి తగ్గట్టు చిన్న ముక్కలు కొట్టిస్తారు. అఫ్గాన్‌వాళ్ళ నారెంజ్ పలావు కూడా ఒకసారి తిని చూడండి. మాంసం, అన్నం, దాని మీద సన్నగా తరిగి చేదు తీసిన నారింజ తొక్క. మన నారింజ, వాళ్ళ నారెంజ్ ఒకే మాట. మాంసాన్నీ నారింజనీ పోటీకి నిలబెట్టడానికి బదులు ఒక గిన్నెలో కలిపిన వంట అది.

3. పులుపుని నమ్మకండి

పుల్లగా ఉంటే విటమిన్ సి ఉన్నట్టేనని మనకో నమ్మకం. పులుపు ఇచ్చేది వేరే ఆమ్లం. చింతపండు నాలుక్కి ఎంత తగిలినా అందులో విటమిన్ సి నామమాత్రం. జామపండు తియ్యగా ఉంటుంది, 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. పచ్చిమిరపకాయ కారం, అందులోనూ దాదాపు అంతే. ఎర్ర క్యాప్సికమ్ కూడా నారింజని మించుతుంది.

ఈ పొరపాటు ప్రాణాలు తీసింది. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు విటమిన్ సి లోటుతో వచ్చే స్కర్వీ జబ్బుతో పడిపోయిన పన్నెండుమంది నావికులని ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు రకాల వైద్యాలు చేశాడు. రోజుకి రెండు నారింజలు, ఒక నిమ్మకాయ తిన్న ఇద్దరే చప్పున కోలుకున్నారు. 1795 నుంచి బ్రిటిష్ నౌకల్లో నిమ్మరసం ఇవ్వడం మొదలైంది. తరవాత పులుపే మందనుకుని, ఇంకా పుల్లగా ఉండే వెస్టిండీస్ లైమ్ కాయల రసానికి మారారు. అందులో విటమిన్ సి తక్కువ, తయారీలో ఇంకా పోయేది. 1875లో ఉత్తర ధ్రువం వైపు బయల్దేరిన, నేర్స్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం ఆ రసం వెంట ఉన్నా స్కర్వీతో కుప్పకూలింది.

మనం ఉంటున్న నేల మీదా ఇది జరిగింది. 1797లో స్థాపించిన మిషన్ శాన్ హోసే అనే చర్చి స్థావరం చుట్టూ వేల పశువులు మేసేవి. తోలుకీ కొవ్వుకీ ఉన్న గిరాకీ మాంసానికి ఉండేది కాదు. యాభై ఏళ్ళ తరవాత బంగారం కోసం కాలిఫోర్నియాకి పరిగెత్తుకొచ్చినవాళ్ళు ఉప్పు మాంసం, పిండి, బీన్స్ మీద బతికి స్కర్వీ పాలయ్యారు. చిగుళ్ళు ఉబ్బి పళ్ళు ఊడిపోయేవి. లాస్ ఏంజెలెస్‌లో విలియం వుల్ఫ్‌స్కిల్ 1841లో వేసిన నారింజ తోటకి గిరాకీ పెరిగింది అప్పుడే. ఇప్పుడు మిషన్ పీక్ కొండ ఎక్కేవాళ్ళకి దారిలో ఆవులు మేస్తూ కనబడతాయి, కింద వీధుల్లో పెరటి నిమ్మచెట్లు. రెండూ ఈ నేలకి బయటినుంచి వచ్చినవే, మనలాగే.

మాంసం మాత్రమే తినే అన్నయ్య దీనికి ఒప్పుకోడు. విల్హాల్మర్ స్టెఫాన్సన్ అనే యాత్రికుడు 1928లో వైద్యుల పర్యవేక్షణలో ఏడాదిపాటు మాంసం మీదే బతికాడు, స్కర్వీ రాలేదు, నిజమే. స్కర్వీ రాకుండా ఉండటానికి రోజుకి 10 మిల్లీగ్రాములు చాలు. తాజా మాంసాన్ని తక్కువగా వండితే ఆ కాస్తా దొరకొచ్చు. మనం మటన్‌ని కుక్కర్లో ఎన్ని కూతలకి దించుతామో గుర్తుచేసుకోండి. పైగా స్కర్వీ రాకపోవడం, ఆరోగ్యంగా ఉండటం ఒకటి కాదు. పీచు లేని భోజనంతో ఆర్నెల్లు గడిపిన అన్నయ్యకి పేగుల సంగతి, కొలెస్టరాల్ సంగతి పరీక్ష చేయించుకోమని చేతులు పట్టుకుని చెప్పాను.

4. జలుబు చేశాక కమలాపండు కోసం పరిగెత్తకండి

ఫ్రీమాంట్ నుంచి డంబార్టన్ వంతెన దాటితే మెన్లో పార్క్. రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పాలింగ్ 1973లో అక్కడే తన సంస్థ పెట్టాడు. విటమిన్ సి ఎక్కువ మోతాదులో తీసుకుంటే జలుబు రాదని 1970లో ఆయన రాసిన పుస్తకం దేశమంతా నమ్మింది. ఆ తరవాత జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే తేలింది వేరు. మామూలు మనుషులకి జలుబు రావడం తగ్గలేదు. రోజూ తీసుకునే పెద్దవాళ్ళలో జలుబు ఉండే కాలం ఎనిమిది శాతం దాకా తగ్గింది. జలుబు మొదలయ్యాక తీసుకుంటే చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

కాబట్టి జలుబు లేనప్పుడు, ఏడాది పొడుగునా, రోజుకో పండు తినండి. మధ్యస్థంగా ఉన్న ఒక్క నారింజలో 70 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, రోజుకి కావాల్సింది దాదాపు అందిపోతుంది. పండు తినండి, రసం తాగకండి. ఒక కప్పు రసానికి రెండు మూడు పండ్లు పిండాలి. చక్కెర 20 గ్రాములు దాటి కడుపులో పడుతుంది, పీచు గ్లాసులోకి రాదు. షుగర్ ఉన్న ఇళ్ళల్లో ఈ తేడా చిన్నది కాదు.

వదిన పొద్దున్న తాగే నిమ్మనీళ్ళ గురించి కూడా చెప్పాలి. దాహానికి మంచిదే. కానీ నీళ్ళలో పిండిన ఒక నిమ్మకాయలో ఉండేది 20 మిల్లీగ్రాముల లోపు విటమిన్ సి. అది కొవ్వు కరిగించదు, లివర్ కడగదు. ఆ ఆమ్లం పళ్ళ పైపొరని మెత్తబరుస్తుంది కాబట్టి తాగాక మామూలు నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి బ్రష్ చేసుకోవాలి.

కొలెస్టరాల్ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. మటన్ మానేశామనే ఉత్సాహంలో గ్రేప్‌ఫ్రూట్ మొదలుపెడతారు. అటోర్వాస్టాటిన్, సింవాస్టాటిన్ లాంటి మందులు ఒంట్లో కరిగిపోకుండా అది అడ్డుకుంటుంది, మందు మోతాదు మించిపోతుంది. పంపరపనసతోనూ ఆ భయం ఉంది. మీ మందుల గురించి ఫార్మసిస్టుని అడిగాకే వాటి జోలికి వెళ్ళండి.

5. శాకాహారులారా, పండ్ల మీద అంత నమ్మకం పెట్టుకోకండి

ఇది నాకు మా అమ్మాయి నేర్పిన పాఠం. పద్నాలుగో ఏట మాంసం మానేసింది. నేను బాధపడి, దానికి బదులుగా రోజూ పొద్దున్న నిమ్మరసం, తేనె, సాయంత్రం గ్లాసుడు నారింజ రసం ఇచ్చాను. పప్పుకూర మధ్యాహ్నం డబ్బాలో ఉండేది, దాని పక్కన విటమిన్ సి ఉన్నదేదీ పెట్టలేదు. రాత్రి భోజనం కాగానే నాతోపాటు టీ. రెండేళ్ళు తిరిగేసరికి మెట్లెక్కితే ఆయాసం, జుట్టు దువ్వెనకి చుట్టుకుని రావడం, గోళ్ళు పెళుసుబారడం. పరీక్ష చేయిస్తే ఐరన్ నిల్వలు అడుగంటాయి, బి12 కూడా తక్కువ. డాక్టరుగారు రెండింటికీ మాత్రలు రాశారు. ప్రేమతో నేను పెట్టిన పండ్లు వేళ తప్పాయి, చోటు తప్పాయి.

బి12 గురించి స్పష్టంగా చెబుతాను. ఏ నారింజలోనూ, ఏ నిమ్మలోనూ, ఏ ఆకులోనూ నమ్ముకోదగ్గ బి12 ఉండదు. మాంసం, చేప, గుడ్లు, పాలల్లో ఉంటుంది. కంచంలో ఇవి లేనివాళ్ళు, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవాళ్ళు రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి. అది మత విశ్వాసానికి అడ్డం కాదు. మాత్రల్లో వాడే బి12ని సూక్ష్మజీవులతో తయారుచేస్తారు.

ఇక్కడ మనవాడొకరిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన ఇద్దరు సోదరులని రోజుల వ్యవధిలో తీసుకుపోయింది, ఆయన్నీ పట్టి పీడించింది. తిన్నది ఒంటబట్టకపోవడం, రక్తం పల్చబడటం ఆ జబ్బు లక్షణాలు. అమెరికా వచ్చి, లెడర్లీ మందుల సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకి అదే మందయింది. ఆ పదార్థాన్ని శాస్త్రవేత్తలు జంతువుల కార్జంలోనూ వెతికారు, పాలకూర ఆకుల్లోనూ వెతికారు. రెండు చోట్లా దొరికింది. దాని పేరు ఆకు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. నారింజలోనూ అది ఉంది. మాంసమా, మొక్కా అని పట్టుబట్టకుండా రెండు వైపులా వెతికినవాళ్ళకే ఆ మందు చిక్కింది.

ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే వేసుకుని బి12 సంగతి వదిలేస్తే ప్రమాదం. రక్తం బాగుపడినట్టే కనబడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఐరన్ మాత్రలు కూడా పరీక్ష లేకుండా మొదలుపెట్టకండి, ఒంట్లో ఎక్కువైనా హానే. నిమ్మచెక్క మాత్రకి బదులు కాదని కూడా చెప్పాలి. ఒక్క పూట ప్రయోగాల్లో కనబడినంత మేలు, నెలల తరబడి చూసిన ప్రయోగాల్లో కనబడలేదు. లోటు రాకుండా చూసుకోవడానికి నిమ్మచెక్క, వచ్చిన లోటు తీర్చడానికి మందు.

6. కరివేపాకు మొక్క కానుకగా ఇవ్వకండి

గృహప్రవేశానికి వెళ్తూ కుండీలో కరివేపాకు మొక్క తీసుకెళ్ళడం మనకి ముచ్చట. దయచేసి మానండి. కరివేపాకు, నిమ్మ, నారింజ, వెలగ అన్నీ ఒకే కుటుంబం చెట్లు. సిట్రస్ చెట్లని చంపే హువాంగ్‌లాంగ్‌బింగ్ అనే తెగులుని మోసుకెళ్ళే చిన్న పురుగుకి కరివేపాకు చాలా ఇష్టం. ఆ తెగులుకి ఇప్పటికీ మందు లేదు. ఫ్లోరిడాలో 2005లో కనబడింది, అప్పటికీ ఇప్పటికీ అక్కడి నారింజ దిగుబడి పదో వంతుకి పడిపోయింది. కాలిఫోర్నియాలో తొలిసారి 2012లో లాస్ ఏంజెలెస్ దగ్గర దొరికింది, అదీ ఒక ఇంటి పెరటి చెట్టులో. అందుకే ఇక్కడ ఎన్నో కౌంటీల్లో ఈ మొక్కలని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. ఊరినుంచి వచ్చేటప్పుడు పెట్టెలో పచ్చి కరివేపాకు, నిమ్మకాయలు తేవడం కూడా నిషేధం.

మొక్క కావాలంటే లైసెన్సు ఉన్న నర్సరీలో కొనండి. కాయలు పంచుకోండి, నిండుగా పంచుకోండి. మా పెరట్లో మేయర్ నిమ్మ ఉంది. చలికాలంలో కొమ్మలు వంగిపోయేంత కాపు. పల్చటి తోలు, గోరు తగిలితే నారింజ వాసన వస్తుంది. తొడిమలు, ఆకులు తీసేసి, కడిగి, సంచీలో వేసి వీధిలో అందరికీ ఇస్తాం. ఈ ఊరికి ఈ పని కొత్త కాదు. ఊళ్ళోని నైల్స్ ప్రాంతంలో 19వ శతాబ్దం చివర వెలసిన కాలిఫోర్నియా నర్సరీ నుంచి పండ్ల చెట్లు ఎంతో దూరం వెళ్ళాయి. ఆ స్థలం ఇప్పుడు చారిత్రక పార్కు, ఎండగా ఉన్న రోజు పిల్లలని తీసుకెళ్ళండి.

7. వచ్చే శనివారం బల్ల తిరగ సర్దండి

ఇది అన్నిటికంటే తేలికైన సలహా. నిమ్మచెక్కల గిన్నె బిర్యానీ పక్క నుంచి తీసి పప్పు పక్కన పెట్టండి. జామపండు ముక్కలు, క్యాప్సికమ్ పచ్చి ముక్కలు కూడా అక్కడే. టీ ఫ్లాస్కుని గంటపాటు వంటింట్లోనే ఉంచండి. మటన్ తెచ్చేవాళ్ళని కూరకి బదులు దాల్చా తెమ్మని అడగండి, కొద్ది మాంసమే అందరికీ సరిపోతుంది. సాసేజీల ట్రే వద్దని ముందే చెప్పండి, పిల్లల కోసమైనా సరే.

పోయిన శనివారం మా ఇంట్లో నేనే ఇలా సర్దాను. అన్నయ్య బిర్యానీలోని మటన్ ముక్కలే పెట్టుకుని, నిమ్మచెక్క కోసం వెతుక్కుంటూ బల్ల చివరిదాకా వచ్చాడు. "ఇక్కడ పెట్టారేంటమ్మా?" అని అడిగాడు. "ఇక్కడే ఉంటుందన్నయ్యా, వచ్చారు కదా, రెండు గరిటెలు పప్పు కూడా వేసుకోండి" అన్నాను. వేసుకున్నాడు, ఆర్నెల్ల తరవాత. వదిన పప్పులో చెక్క పిండుకుంటూ, పొద్దున్న నీళ్ళలో పిండుకున్నది వృథాయేనా అని అడిగింది. వృథా కాదన్నాను, ఇంకో చెక్క భోజనంలోనూ పిండుకోమన్నాను. మా అమ్మాయి వచ్చి కంచం నా ముందు పెట్టింది. పాలకూర పప్పు మీద నిమ్మచెక్క పిండి, గింజలు వేలితో తీసి, కంచం తిరిగి ఇచ్చాను.

ఆ రాత్రి చెత్తసంచీ కడుతుంటే నిమ్మచెక్కలన్నీ తొక్కలే, రసం చుక్క లేకుండా.